పదో గదిలోని పెంకుల పొయ్యి

స్వీడన్‌లోని ఫాలూన్‌లో హోటల్‌గా మారిన పాత బంగళా అది. పదో గదిలో దిగిన ముసలాయన గది వెచ్చబెట్టే పెంకుల పొయ్యికి మధ్యాహ్నం కట్టెలు అడిగితే, హోటల్ నడిపే అమ్మాయి తానే మోసుకొచ్చింది.

"ఆ పొయ్యి వెలిగించకండి పెద్దాయనా. నాలుగు చలికాలాలుగా కట్టెలు తినడమే గాని వెచ్చదనం లేదు. రేపు విప్పించేస్తున్నాం."

"పేపర్లో చదివే వచ్చానమ్మా. మీరెలా వెలిగిస్తారు?"

"ఏముంది, కట్టెలు పెట్టి అంటిస్తాం."

"మంట ఆరాక?"

"ఊరుకుంటాం."

"మరి వేడంతా పొగగొట్టంలోంచి ఆకాశానికి పోదూ? ఈ ఇత్తడి గొలుసు దేనికనుకున్నావు?"

"అలంకారానికని... అందరూ ఫొటోలు తీసుకుంటారు."

"బాగుంది. పొగగొట్టం మూసే మూత దీని కొసకుందమ్మా."

ఆయన పొయ్యి వెలిగించి, విషవాయువు గదిలోకి రాకుండా నిప్పుల మీద నీలిమంట పూర్తిగా పోయేదాకా కనిపెట్టుకుని కూర్చుని, అప్పుడు గొలుసు లాగి మూత మూశాడు. భోజనాల వేళకు ఆ అమ్మాయి మళ్లీ వచ్చింది.

"పెంకుల మీద చెయ్యి పెట్టు."

ఆమె చెయ్యి పెట్టింది. తర్వాత వీపు ఆనించి నిలబడిపోయింది.

"ఎంతసేపుంటుంది ఈ వేడి?"

"రేపు విప్పేవాళ్లు వచ్చేదాకా. వాళ్లనీ ఓసారి ఆనుకోమను."

"మీరు కట్టారా దీన్ని?"

"మా అమ్మ. ఆడది కట్టిన పొయ్యి ఇల్లంతా పొగ చేస్తుందని మేస్త్రీలు నవ్వారట."

"చేసిందా?"

"నీ కళ్లు మండుతున్నాయా?"

"లేదు. విప్పేవాళ్లని రావద్దంటాను. మీరు ఇంకో రోజుండి మా పనివాళ్లకు నేర్పుతారా?"

"నేర్పుతాను. ముందు మా అమ్మ పేరు చెప్పి, తర్వాతే గొలుసు ముట్టుకోనిస్తాను."