లితియానాకి గంటకి ఎంత?

సాయంత్రం ఐదయింది. వాన తగ్గి సన్నని జల్లు మిగిలింది. నది వంతెన మీదికి పొంగిందని మధ్యాహ్నమే బస్సులు ఆపేశారు.

సెరెయానా తమ్ముడు ఎపరామా, కూతురు లితియానా లౌతోకా పట్నం నుంచి నడిచే వచ్చారు. కార్లు కడిగి మెరుగుపెట్టే షెడ్డులో లితియానాకి పని దొరికింది. మొదటి జీతం మాట్లాడటానికి మేనమామ తోడు వెళ్లాడు. ఆ ఇంట్లో ఇంకో సంపాదన లేదు. సెరెయానాకి కావలసింది ఒక్క అంకె.

ఎపరామా అది చెప్పకుండా వరండాలో చాప మీద చతికిలబడ్డాడు. పక్కింటి ముసలాయన విలికేసా యంగోనా వేరుపొడి నీళ్లలో పిసికి, కొబ్బరి చిప్పతో అందించాడు. ఎపరామా ఆచారంగా ఒక చప్పట కొట్టి గటగటా తాగాడు.

"గంటకి ఎంత?" అంది సెరెయానా.

"అక్కడికే వస్తున్నానక్కా. మేం వెళ్లామా, 'పిల్ల పని చూడకుండా జీతం ఎలా చెప్పనయ్యా' అన్నాడు యజమాని. సరే చూడు అన్నా. కొండల్లోంచి పందుల్ని మోసుకొచ్చిన బండి ఒకటి చూపించాడు. అది ఏ రంగో కొన్నవాడికే గుర్తులేదు. మన పిల్ల గుడ్డ పట్టింది, నేను పక్కన నిలబడి ఇలా రుద్దు, అలా రుద్దు అంటున్నా. గంటలో నల్లగా నిగనిగలాడింది. అది సరే, ఎవరైనా చేస్తారు. ఆ తర్వాత ఏమైందో చెప్తే నమ్మరు."

"చెప్పి చూడు," అన్నాడు విలికేసా.

"మైనం పూసిందా, బానెట్టులోకి ఆకాశం దిగింది. ఒక కొంగ వచ్చి చేపనుకుని పొడిచి, ముక్కు వంకరపోయి ఏడుస్తూ పోయింది. ఆ తళుక్కి మబ్బు రెండుగా చీలింది బాబాయ్! నందీ విమానాశ్రయంలో దిగాల్సిన విమానం, రన్‌వే దీపాలనుకుని నేరుగా మన షెడ్డు మీదికొచ్చింది. కిటికీల్లోంచి జనం బానెట్టులో మొహాలు చూసుకుని తల దువ్వుకుంటున్నారు! నేను చెయ్యెత్తి, 'ఇక్కడ కాదు నాయనా, ఇంకాస్త ముందుకు పో' అన్నా. పోయింది."

"అబ్బో!" అన్నాడు విలికేసా, చిప్ప నింపడం మరిచిపోయి.

కోతలని సెరెయానాకి తెలుసు. అయినా ఆ జనమంతా కనిపించారు ఆమెకి. తన కూతురి చేతిపనిలో అంతమంది మొహాలు.

"ఎంత?" అంది మళ్లీ.

"వింటావా మరి! యజమాని వణికిపోతూ గంటకి ఐదు డాలర్లన్నాడు. నేను పలకలేదు. కానుకగా తీసుకెళ్లిన యంగోనా వేర్ల కట్ట వాడి ముందు పెట్టి ఊరుకున్నా. పది అన్నాడు. మీసం దువ్వా. ఇరవై. తుమ్మా. యాభై! మళ్లీ తుమ్మా. నూరు! పక్క బ్యాంకు మేనేజరు గోడ దూకి వచ్చి నా కాళ్లు పట్టుకున్నాడు, 'అయ్యా, ఇంక తుమ్మకండి, దేశంలో నోట్లు అయిపోతున్నాయి' అని."

విలికేసా చిప్ప కింద పెట్టాడు. "కట్ట ఇచ్చేటప్పుడు ఊరు చెప్పుకుంటాం కదరా. ఆయనది ఏ ఊరు?"

ఎపరామా గొంతు దిగిపోయింది. "అది... దీవుల వైపు. మనకి తౌవూ."

రెండు ఊళ్లకీ పాతకాలపు దేవుడు ఒకడే అయితే ఆ ఊళ్లు తౌవూ. వీళ్లు వాళ్లనీ, వాళ్లు వీళ్లనీ ఏదైనా అడిగి తీసేసుకోవచ్చు. కాదనకూడదు. మొహం కూడా మాడ్చుకోకూడదు.

విలికేసా పొట్ట పట్టుకుని నవ్వాడు. "బేరానికి వెళ్లి ఊరు చెప్పుకొచ్చావట్రా! ఏం లాక్కున్నాడు?"

"మొదటి రెండు నెలలు... పిల్ల ఉత్తినే చెయ్యాలన్నాడు."

"నువ్వు?"

"ఒప్పుకున్నట్టు చప్పట్లు కొట్టా. ఇంకేం చెయ్యను బాబాయ్?"

సెరెయానా గుమ్మం పట్టుకుంది. రెండు నెలలు.

"నువ్వు కాసేపు ఊరుకో మామయ్యా," అంది లితియానా, తడి జుట్టు పిండుకుంటూ. "అమ్మా, ఆయన తీసుకోవచ్చంటే మనమూ తీసుకోవచ్చుగా? నీ ఊరు నాకూ ఊరే. మామయ్య చప్పట్లు ఆగకముందే అడిగేశా. 'ఆ రెండు నెలలూ నాకు తిరిగిచ్చెయ్యండి, గంటకి ఏడు కూడా ఇవ్వండి, సోమవారం నుంచి' అని. ఆయనా కాదనకూడదు కదా. పడీపడీ నవ్వి మూడు చప్పట్లు కొట్టాడు."

"కొత్తవాళ్లకి ఎంత?" అంది సెరెయానా.

"ఐదేనట."

విమానం కథకి కూడా కొట్టని చప్పట్లు విలికేసా ఇప్పుడు మెల్లగా, ఒకటొకటిగా కొట్టాడు. సెరెయానా కూతురి చేతులకేసి చూస్తూ ఉండిపోయింది. వేళ్ల సందుల్లో ఇంకా మైనం ఉంది.

"వంతెన?" అంది.

"మామయ్య వీపు మీద ఎక్కించుకుని దాటించాడు. నీళ్లు ఆయన నడుం దాకా వచ్చాయి."

దాని గురించి ఎపరామా ఒక్క ముక్క మాట్లాడలేదు. ఖాళీ చిప్పలోకి చూస్తూ కూర్చున్నాడు.

సెరెయానా లోపలికి వెళ్లి రెండు తువ్వాళ్లు తెచ్చింది. ఒకటి తమ్ముడి భుజాల మీద వేసింది, రెండోది కూతురి తల మీద. వేస్తూ లెక్కపెట్టుకుంది. తమ్ముడు. కూతురు. వెళ్లింది ఇద్దరు. వచ్చింది ఇద్దరు.