ఆరింటి దాకే లింకు

ఆలూరు దగ్గర ఒక పల్లె. మధ్యాహ్నం మూడు దాటింది. లాప్‌టాప్ ముందు చెల్లెలు శోభ, మంచం మీద అన్న మంజునాథ్, పొయ్యి దగ్గర తల్లి హులిగమ్మ.

"ఇది నా లాప్‌టాప్ కాదు."

"నీదే. సరిగ్గా సూడు."

"నాదైతే విండోస్ యాడ పోయింది? ఈ మూలకు బాతు బొమ్మ ఏంది? మంజన్నా, నిన్నే అడిగేది. ఆ ఫోను కింద పెట్టి సెప్పు."

"అది బాతు కాదు, పెంగ్విన్. దీన్ని లినక్స్ అంటారు. విండోస్ తీసేసి ఇది ఏసినా."

"ఎవుర్ని అడిగి ఏసినావు?"

"ఎవుర్ని అడగాల? కంప్యూటర్ సదివింది నేనా, నువ్వా? పాతది శానా నిదానమైపోయింది. వైరస్ గూడా పట్టింది. ఇప్పుడు సూడు, ఎంత బిన్నె తెరుసుకుంటాందో. మంచి చేసినా కొట్లాటే నీతో."

"ఈ పొద్దు నాకు పరీక్ష ఉందని నీకు తెలీదా?"

"యా పరీక్ష?"

"యా పరీక్షనా? రెండు నెల్లనుంచి తెల్లారి లేసి నేను టైపు కొడ్తాంటే, సెవులు పోతాండాయని తిట్టింది ఎవురు? బెంగళూరు కంపెనీ పరీక్ష! ఇంట్లో కూచోని చేసే ఉద్యోగం! ఈ సాయంత్రం ఆరింటికి లింకు మూసుకుంటాది. ఆ పరీక్ష సాఫ్ట్‌వేరు విండోస్ మీద తప్ప నడవదు."

"దీంట్లో గూడా నడుస్తాది. ఏదో ఒకటి చేసుకుంటే..."

"అప్పట్నుంచి అదే చేస్తాండా. తెరవలేమని వస్తాంది. సూడు, సదువు. సదివినోనివి గదా."

"అయితే ఫోన్లో రాయి."

"ఫోన్లో నొక్కితే కంప్యూటర్లోనే రాయాలంటాంది. ఇది నీకు తెలీదా? ఇదే కంపెనీకి ఏడాదికొకసారి లెక్కన నువ్వు మూడుసార్లు రాసినావు గదా!"

"ఆ మాట ఎత్తొద్దు."

"ఎత్తుతా. వందసార్లు ఎత్తుతా. మల్లా విండోస్ ఏసి ఇయ్యి. ఇంగా మూడు గంటలుంది."

"ఇప్పుడెట్లయితాది? దానికి పెన్‌డ్రైవు కావాల."

"ఈ బాతును ఏసిన పెన్‌డ్రైవు యాడుంది?"

"అది దేవేంద్రది. ఇచ్చేసినా."

"దేవేంద్రకు ఫోన్ చెయ్యి."

"వాడు పత్తికొండకు పోయినాడు."

"పత్తికొండలో ఫోన్లు పనిచెయ్యవా?"

"ఎత్తడు."

"చేసి సూస్తివా, ఎత్తడో లేదో?"

"ఎత్తడంటే ఎత్తడు! ఊరికే పానం తియ్యొద్దు."

"నా పానం నువ్వు తీసి, నన్నంటాండావా?"

"ఏందిరా ఆ అరుపులు? ఈది ఈదంతా ఇనపడతాంది. నడుము నొప్పితో నేను సస్తాంటే మీ గోల మీది."

"సూడుమా, నీ కొడుకు నా లాప్‌టాప్‌లో ఉండేదంతా తుడిచేసినాడు."

"తుడిస్తే తుడిసినాడులే. దుమ్ము పట్టింటాది."

"అయ్యో మా! దుమ్ము కాదు. లోపల ఉండేదంతా తీసేసినాడు. పరీక్ష రాయనీకి కాదు ఇంగ."

"ఏందీ? పరీక్ష రాయనీకి కాదా? ఏరా మంజా, నిజమేనా?"

"అదట్లే అంటాదిమా. రేపో ఎల్లుండో సరి చేసిస్తా."

"రేపు నీ తలకాయకా? ఆరింటికి మూసుకుంటాదని ఆ పిల్ల సెప్తాంటే ఇనపడలేదా? ఆ బాతును తీసేసి పాతది పెట్రా!"

"అట్ల తీస్తే వచ్చేది కాదుమా. నీకేం తెల్సు, గమ్మునుండు."

"నాకేం తెల్సా? తిక్కయ్య మేస్త్రి మొన్న గడపలో నిలబడి మిరప కోతల సుగ్గికి వస్తావా రావా అంటే, ఈసారి రానప్పా, నా కూతురికి ఉద్యోగం వస్తాదని సెప్పి పంపినా. అది తెల్సు నాకు. పన్నెండేండ్ల నుంచి ఆ గుంటూరు పక్క మిరప చేలల్లో కాయలు కోసి కోసి నా నడుము పోయింది. ఇంగ వంగితే మంచం పడతావని నిన్న ఆదోని డాక్టరు సెప్పినాడు. అది గూడా తెల్సు. ఇంగేం తెలియాల్రా నాకు?"

"ఉద్యోగం వచ్చేసినట్టే మాట్లాడతాండారు ఇద్దరూ. దేశంలో ఎన్ని వేల మంది రాస్తాండారో తెల్సా?"

"రాయనీ. వాళ్ళందరి అన్నలూ లాప్‌టాప్ తుడిచేసినారా?"

"ఎగసెక్కాలు ఆడొద్దు శోభా."

"ఎప్పుడేసినావు దీన్ని?"

"నిన్న."

"నిన్న ఎప్పుడు?"

"నిన్నంటే నిన్న. మీరు ఆస్పత్రికి పోయినప్పుడు."

"మేము పోయినాక ఇంట్లో నువ్వొక్కనివే ఉంటివి. వచ్చినాక ఒక్క మాట సెప్పలేదు. అన్నం తినేటప్పుడు, రేపు మద్యాన్నం కూచోని రాస్తానంటి గదా నేను. తల వంచుకొని తింటాంటివి. అప్పుడన్నా సెప్పల్ల గదా!"

"మర్సిపోయినా."

"మర్సిపోయినావా!"

"అయినా రెండు దినాలు టైం ఇచ్చినారు గదా నీకు. నిన్ననే రాసుకొనింటే ఈ బాధ లేకపోవు. తప్పు నీది."

"నాది తప్పా? అమ్మ నడుము పట్టుకొని ఏడుస్తాంటే నేను పరీక్ష రాసుకుంటా కూచోవాల్నా? నిన్ను తీసకపొమ్మంటి గదా. ఆస్పత్రి వాసన పడదు నాకు అంటివి. కన్నతల్లి నొప్పి పడతాంటే వాసన గుర్తొచ్చింది నీకు!"

"నన్ను అంటాండు, ఎంతసేపన్నా అను. మీ ఇద్దరికీ నేను ఎప్పుడూ పనికిరానోన్నే."

"మాట తిప్పొద్దు. ఒకటి అడుగుతా, సెప్పు. పాతది, కొత్తది రెండూ పక్కపక్కన పెట్టుకోవచ్చు. నాకు గూడా కొంచెం తెల్సు. విండోస్ మొత్తం ఏంటికి తుడిచినావు?"

"రెండూ పెడితే జాగా సాలదు."

"జాగా సాలదా? నేను టైపు నేర్సుకున్నవి, నాలుగు ఫోటోలు తప్ప దాంట్లో ఏముంది? మూడు భాగాలు ఖాళీనే!"

"ఉండు, ఎవురో మెసేజ్ పెట్టినారు."

"ఆ ఫోను పక్కన పెట్రా! ఆ పిల్ల అడుగుతాంది గదా."

"నాకు తోసినట్టు చేసినా. ఇంగ అయిపోయింది, వదిలేయండి."

"నీకు తోసినట్టు చేసేకి అది నీ సొమ్మా? రెండేండ్లు కుట్టుమిషను తొక్కి కొనుక్కున్నా అది. ఊర్లో ఆడోళ్ళ జాకెట్లన్నీ నా కాళ్ళ మీదనే పోయినాయి. మెడ పట్టేస్తే గూడా ఆపలేదు. నువ్వు నీ సదువు పేరు సెప్పుకొని మంచం మీద పండుకోని ఫోను సూసుకుంటాంటే ఒక్క మాట అన్నానా ఎప్పుడన్నా?"

"ఇప్పుడంటాండావు గదా."

"అంటా! ఇప్పుడంటా! ఉండు, అనురాధకు ఫోన్ చేస్తా."

"ఏ అనురాధ?"

"నా జత సదివింది. ఆదోనిలో ఉండాది. హలో, అనూ! నేను శోభ... ఆ, బాగుండా. అనూ, నీ పాత లాప్‌టాప్ ఉందా ఇంగా?... విండోసేనా?... అబ్బ, బతికిచ్చినావు! కెమెరా పలిగినా పరవాలేదు, దీనికి కెమెరాతో పని లేదు. పేరు, పుట్టిన తేది కొట్టి రాసుకునేదే... గంటలో వస్తా. బస్టాండు కాడ దిగి ఫోన్ చేస్తా, సరేనా?"

"యాడికి పోయేది?"

"ఇన్నావు గదా. ఆదోనికి."

"వద్దు."

"ఏం వద్దు?"

"ఆటోలుండవు ఇప్పుడు."

"ఎల్లప్ప ఆటో మూడున్నరకు పోతాది. దినామూ పోతాది."

"ఆదోనిలో ఈ పొద్దు కరెంటు ఉండదంట."

"ఎవురు సెప్పినారు?"

"పేపర్లో సూసినా."

"మనింటికి పేపరే రాదు!"

"ఒక్కదానివే అంత దూరం పోయి, సీకటి పడినాక ఎట్లొస్తావు? పోయేది లేదు. అన్నను సెప్తాండా."

"కుట్టుమిషను దారాలకు నెలకు నాలుగుసార్లు ఒక్కదాన్నే పోయొస్తాండా. అప్పుడు యాడికి పోయినాడు ఈ అన్న? అడ్డం లెయ్. తలుపు వదులు."

"వదలను."

"మా, సూడు ఈయప్పను!"

"ఏయ్ మంజా, నీకు తిక్కగిన పట్టిందా? తలుపుకాడ్నించి ఇవతలికి రా. పిల్లను పోనీ."

"నాకిప్పుడు అర్థమైందిమా. ఇదే కంపెనీ ఈయన్ను మూడుసార్లు తీసి పారేసింది. అదే ఉద్యోగం నాకొస్తే ఊర్లో తల ఎత్తుకోలేడు. డిగ్రీ సదివినోనికి రాలేదు, జాకెట్లు కుట్టేదానికి వచ్చిందంటారు గదా అందరూ. అందుకే తుడిచేసినాడు. కావాల్నని!"

"అవును."

"ఏందీ?"

"అవునంటాండా గదా. కావాల్నని చేసినా. నాకు కుళ్ళే. నువ్వు సంపాదిస్తే నీ సేతి కూడు నేను తినాల్నా? అందుకే తీసేసినా. సాలునా? ఇంగ పోయి కూచో."

"నీ నోట్లో మన్ను బొయ్య! తోడబుట్టినదాని మీద కుళ్ళేందిరా నీకు? అది నీకేం అపకారం చేసింది? నిన్ను సదివించనీకి నేను సుగ్గికి పోతే, అది తన సదువు ఆపుకొని ఇంట్లో నీకు వండి పెట్లేదా?"

"ఒప్పుకున్నా గదా మా. ఇంగేం చెయ్యమంటావు?"

"ఒప్పుకుంటే తీరిపోయిందా? నీ మొగం సూడనీకి గూడా బుద్ధి పుట్టదు నాకు. శోభా, పదమ్మా. నేను నీ జత వస్తా."

"నీకు నడుము..."

"నడుము సంగతి తర్వాత. రెండు నెల్లు మిరప చేలో వంగేదానికంటే గంటసేపు ఆటోలో కూచునేదే మేలు. నా సెప్పులు యాడుండాయి?"

"అమ్మా, పోవద్దు మా."

"నువ్వు మాట్లాడొద్దు నాతో."

"అదో, ఎల్లప్ప హారను కొడ్తాండాడు. ఎల్లప్పన్నా, రవ్వంత ఆపు! వస్తాండాం!"

"అమ్మా... తిక్కయ్యకు ఫోన్ చెయ్యి."

"తిక్కయ్యకా? ఏంటికి?"

"సుగ్గి లారీ ఎప్పుడు పోతాదో అడుగు."

"రేపు తెల్లారి పోతాది. దాని సంగతి ఇప్పుడెందుకు మనకు? ఈ పిల్ల పరీక్ష రాయనీకి పోతాంటే!"

"ఒక మనిషి వస్తాడని సెప్పు. నా పేరు సెప్పు."

"నువ్వు? సుగ్గికి? పది నిమిషాలు ఎండలో నిలబడనోనివి, నువ్వు కాయలు కోస్తావా? ఏం మాట్లాడతాండావురా?"

"నేను పోతా మా. నీ బదులు నేను పోతా. నువ్వు ఫోన్ చెయ్యి ముందు."

"అన్నా, నా సెయ్యి వదులు, ఆటో పోతాది. వదులంటాండా గదా... ఏందిది, ఏడుస్తాండావా? ఏమైంది నీకు?"

"యాడికీ పోవద్దు శోభా. పోయినా ఆ లింకు తెరుసుకోదు, ఒక మనిషికి ఒక్కసారే అది. నువ్వు సూస్తే తెలిసిపోతాదని విండోసంతా తుడిచేసినా. నేను రాస్తే ఈసారన్నా పాసైతానో లేదో సూద్దామని, నిన్న నీ పేరు కొట్టి నేను రాసినా... తప్పినా."