ఆరుగురు నాయకుల లిఫ్ట్

ఒక ప్రభుత్వ కార్యాలయం. కింది అంతస్తులో, లిఫ్ట్ ముందు ఇద్దరు: ఇవాళ రిటైరవుతున్న లిఫ్ట్‌మన్, దేశనాయకుడి రాకకు ముందు తనిఖీ చేస్తున్న భద్రతాధికారిణి.

"నేనడిగింది ఒక్కటే పెద్దాయనా. ఈ లిఫ్ట్ ఇప్పటిదాకా ఎన్నిసార్లు పైకి వెళ్ళింది?"

"వెళ్ళడం అంటే... ఏ వెళ్ళడం మేడమ్?"

"వెళ్ళడంలో రకాలుంటాయా? కిందనుంచి పైకి. ఎన్నిసార్లు?"

"ఉన్నదున్నట్టు చెప్పాలా?"

"పదింటికి నాయకుడుగారు ప్రారంభోత్సవానికి వస్తున్నారు. ఇప్పుడు తొమ్మిదీ ముప్పావు. లిఫ్ట్ బాగుందని నేను సంతకం పెడితేనే ఆయన లోపల కాలు పెడతారు. ఉన్నదున్నట్టే చెప్పండి."

"ఒక్కసారీ వెళ్ళలేదు మేడమ్."

"ఒక్కసారీనా? మరి మీరిక్కడ లిఫ్ట్‌మన్‌గా ఎన్నేళ్ళుగా ఉన్నారు?"

"ముప్పై ఒక్కేళ్ళు. ఇవాళ్టితో సరి."

"ముప్పై ఒక్కేళ్ళూ ఏం చేశారండీ!"

"ఆ మాట వాళ్ళనడగాలి. అదిగో, గోడమీద ఐదు శిలాఫలకాలు. ఆరోది ఆ ఎర్రగుడ్డ కింద ఉంది. వచ్చిన ప్రతి నాయకుడూ ఈ లిఫ్ట్‌కి తలో చెయ్యీ వేశారు. మొదటాయన గొయ్యి తవ్వించారు."

"గొయ్యా?"

"లిఫ్ట్ కట్టాలంటే అడుగున గొయ్యి ఉండాలిట. దేశం పైకి పోవాలంటే ముందు లోతు తెలియాలి అని ఉపన్యాసమిచ్చారు. చప్పట్లు కొట్టీ కొట్టీ మా చేతులు వాచాయి. ఆ రోజే నాకు ఉద్యోగం."

"గోతికి లిఫ్ట్‌మన్ ఎందుకు?"

"అందులో ఎవరూ పడకుండా చూడ్డానికి."

"పడ్డారా ఎవరైనా?"

"ఒక్కరే."

"ఎవరు?"

"ఆ సంగతి ఇప్పుడెందుకు లెండి. కాలు బాగానే అతుక్కుంది."

"సరే సరే. రెండో ఆయన?"

"ముందాయన దేశాన్ని గోతిలోకి దింపారని తిట్టి, గొయ్యి పూడ్పించారు."

"అది ప్రగతా?"

"నన్నడుగుతారేంటి, ఫలకం చూడండి. 'ప్రగతి, రెండో దశ.' మూడో ఆయన వచ్చి మళ్ళీ తవ్వించి, పైదాకా స్టీలు తలుపులు పెట్టించారు. తీస్తే లోపల ఖాళీ. అయినా జనం వరస కట్టేవారు. నేను 'వస్తోంది, వస్తోంది' అంటూ ఉండేవాణ్ణి."

"ఎన్నాళ్ళు?"

"ఏడేళ్ళు. గొంతు పోయింది. తర్వాత నాలుగో ఆవిడ. ఆవిడ లోపల పెట్టె పెట్టించారు, అందులో నిలువుటద్దం. కదిలేది కాదనుకోండి. కానీ ఈ ఆఫీసులో ప్రతివాడూ తల దువ్వుకుని పనికి కూర్చోవడం ఆవిడ హయాంలోనే మొదలైంది. చేసిన మంచి చెప్పకపోతే కళ్ళు పోతాయి."

"ఐదో ఆయన?"

"ఫ్యానూ, మాట్లాడే యంత్రమూ. తలుపులు మూసుకోగానే పాట వస్తుంది. పాటయ్యాక 'మీరు మూడో అంతస్తుకు చేరుకున్నారు, అభినందనలు' అంటుంది."

"కదలకుండానే?"

"కదలకుండానే. తలుపు తీస్తే మళ్ళీ ఇదే వరండా. అయినా సగం మంది సంతోషంగా దిగి వెళ్ళిపోయేవారు. ఒకాయనైతే నిజంగానే పైకొచ్చాననుకుని, నేనే పై అధికారిననుకుని, అర్జీ నా చేతిలో పెట్టాడు."

"మీరేం చేశారు?"

"సంతకం పెట్టాను."

"ఏమిటీ!"

"వారంలో ఆయన పని అయిపోయింది మేడమ్. ఈ ఆఫీసులో అంత త్వరగా తెమిలిన పని అదొక్కటే."

"నన్ను నవ్వించకండి, టైమైపోతోంది. ఇప్పటాయన ఏం పెట్టించారు?"

"మోటారూ, ఇనుప తాళ్ళూ. నిన్న సాయంత్రమే బిగించారు. ఇక నిజంగా కదులుతుందంటున్నారు."

"అంటున్నారా? ఎవరూ ఎక్కి చూడలేదా?"

"మొదట నాయకుడుగారే ఎక్కాలని ఆర్డరు."

"ఆర్డరూ లేదు, గీర్డరూ లేదు. ఆయన ఎక్కేముందు నేను ఎక్కి చూడాలి. బిగించినవాళ్ళని పిలవండి."

"వాళ్ళు ఉపన్యాసానికి వేదిక కడుతున్నారు. నేనున్నాను కదా."

"మీకు నడపడం వచ్చా?"

"ముప్పై ఒక్కేళ్ళ అనుభవం మేడమ్!"

"కదలని లిఫ్ట్‌లో!"

"అదీ నిజమే."

"పక్కకి జరగండి, నేనొక్కదాన్నే వెళ్ళొస్తాను."

"మేడమ్, మేడమ్... ఒక్కమాట. పదింటికి ఆయనతోపాటు మంత్రులెక్కుతారు, ఫొటోలవాళ్ళెక్కుతారు. నాకు కాలు పెట్టే చోటుండదు. సాయంత్రం ఇంటికెళ్ళిపోతాను. మా ఆవిడ రోజూ అన్నం వడ్డిస్తూ అడుగుతుంది, ఇవాళ ఎన్నిసార్లు పైకెళ్ళొచ్చారని. ముప్పై ఒక్కేళ్ళుగా ఏదో ఒక అంకె చెప్తున్నాను."

"ఆవిడకి తెలీదా?"

"వాళ్ళ పుట్టింటివాళ్ళ ముందు మా ఆయన లిఫ్ట్ నడుపుతాడని ఒకటే గొప్పలు. ఏ మొహం పెట్టుకుని చెప్పను? మొదటిరోజు పన్నెండుసార్లన్నాను. కాళ్ళు నొప్పెడతాయేమోనని నూనె రాసింది."

"లిఫ్ట్ ఎక్కితే కాళ్ళెందుకు నొప్పెడతాయి?"

"అది నేనూ చెప్పలేదు, ఆవిడా ఆలోచించలేదు. ఈ ఒక్కరోజైనా ఇంటికెళ్ళి నిజం చెప్పాలనుంది మేడమ్. ఒక్కసారి. ఒక్కసారి పైకెళ్తే చాలు."

"అబ్బా... ఎక్కండి, ఎక్కండి. తలుపు వేయండి."

"కాస్త ఆగండి."

"మళ్ళీ ఏంటి?"

"తల దువ్వుకోనివ్వండి."

"పెద్దాయనా!"

"అయిపోయింది, అయిపోయింది. నొక్కనా?"

"నొక్కండి."

"నిజంగా నొక్కెయ్యమంటారా?"

"నేను నొక్కనా?"

"వద్దొద్దొద్దు! ఇదిగో, నొక్కేశా. అమ్మో... కదిలింది! మేడమ్, కదిలింది!"

"కదిలింది, కదిలింది. ముందు నా చెయ్యి వదలండి."

"కాళ్ళకింద నేల పైకి తోస్తోంది. ఎప్పుడూ ఇలాగే ఉంటుందా?"

"ఇక్కడ లిఫ్ట్‌మన్ మీరా, నేనా?"

"ఆగింది. విన్నారా, 'అభినందనలు' అంటోంది! ఇన్నాళ్ళకి ఒక్కసారి నిజం చెప్పింది, పాపం."

"తలుపు తీయండి. ఆఁ, మూడో అంతస్తే. అంతా సవ్యంగానే ఉంది."

"ఇక్కడో కిటికీ ఉంది మేడమ్! అరే, మా వీధి కనపడుతోంది. అదిగో, డాబా మీద బట్టలారేస్తోందే... మా ఆవిడే! ఓయ్! ఇటు! ఇటు చూడు!"

"అంత దూరం వినపడదండీ. ఏంటది, ఏడుస్తున్నారా?"

"ఏడుస్తున్నాను మేడమ్. సంతోషం పట్టలేకపోతున్నాను. ఇవాళ ఒకసారి అని చెప్తాను. ఒక్కసారే. ఒట్టేసి చెప్తాను."

"మంచిది. ఇదిగో, మీ ఎదురుగానే సంతకం పెట్టాను. సైరన్లు వినపడుతున్నాయి, నాయకుడుగారు వచ్చేశారు. పదండి దిగుదాం."

"మెట్లు అటువైపున్నాయి."

"మెట్లెందుకు? లిఫ్ట్ కిందికి పోవద్దూ? అక్కడ రిబ్బన్ కత్తిరించి ఆయన ఎందులో ఎక్కుతారు? కిందికి వెళ్ళే బటన్ నొక్కండి."

"గాలి ఎంత బాగుందో ఇక్కడ."

"పెద్దాయనా, మిమ్మల్నే. కింది బటన్ ఏది?"

"లేదు మేడమ్."

"లేదా! మీకు ముందే తెలుసా?"

"ముందే చెప్తే ఎక్కనిచ్చేవారా?"

"నా ఉద్యోగం పోయింది! ముప్పై ఒక్కేళ్ళు, ఆరుగురు నాయకులు, ఒక్కరికీ తట్టలేదా ఆ బటన్ సంగతి?"

"తట్టకేం, ఒక్కొక్కరికీ నేనే అర్జీ పెట్టాను."

"మరి ఎందుకు పెట్టించలేదు?"

"కిందికి దిగే బటన్‌కి రిబ్బన్ కత్తిరించే నాయకుడు ఎక్కడైనా ఉంటాడా మేడమ్?"