ఖాళీ జాగాను కూడా చదివించిన గోవిందప్ప గారు

1990వ సంవత్సరం జూలై తొమ్మిదో తేదీ సోమవారం ఉదయం శ్రీ గోవిందప్ప గారు పుంగనూరులోని మన పట్టుచీరల డిపోలో గుమాస్తాగా బాధ్యతలు స్వీకరించారు. అంతవరకూ సొంత మగ్గం మీద చీరలు నేసిన చేతులవి. అందువల్ల డిపోకు వచ్చిన ప్రతి చీర మడత విప్పి, అంచు తడిమి, నేసినవారి పేరు కనుక్కుంటే తప్ప వారి మనసు కుదుటపడేది కాదు.

1996లో కుప్పానికి బదిలీ అయి, పట్టుగూళ్ల కొనుగోలు చూశారు. పైన మేలైన గూళ్లు పరచి అడుగున తడిసినవి దాచారేమోనన్న శంకతో ప్రతి బుట్టనూ బోర్లించేవారు. కొందరు రైతులు విసుక్కునేవారు. మంచి సరుకు తెచ్చినవారు మాత్రం వేరొకరికి చూపకుండా వారి రాక కోసమే కాచుకునేవారు.

2002లో మదనపల్లె ప్రధాన కార్యాలయానికి మేనేజరుగా వచ్చారు. ఆ తరువాత రెండేళ్లకు సంస్థకు వెబ్‌సైటు ఏర్పడింది గానీ, దాన్ని చూసినవారు లేరు. చీర కావలసినవారు కంప్యూటరులో వెతికినప్పుడు మన పేరు ముందు వరుసలో కనబడేట్టు చేయడానికి, 2006 వేసవిలో మా యజమాని మునిరత్నం గారు బెంగుళూరు నుంచి ఒక కాంట్రాక్టరును పిలిపించారు. పదిహేను రోజుల్లో మొదటి పేజీలో నిలబెడతానని అతడు మాట ఇచ్చాడు.

"ఎట్ల నిలబెడతావప్పా?" అని గోవిందప్ప గారు అడిగారు.

"అది మా టెక్నిక్ సార్."

ఆ జవాబు వారికి నచ్చలేదు. అయినా మాట ఇచ్చినట్టే జరిగింది. ఆర్డర్లు వచ్చాయి, దసరాకని నలభై మగ్గాలు అదనంగా పనిలోకి ఎక్కాయి. ఆగస్టు మూడో వారంలో, ఉన్నట్టుండి, సెర్చ్ ఇంజిన్‌లో సంస్థ పేరే కొట్టి వెతికినా మన వెబ్‌సైటు ఎక్కడా కనబడకుండా పోయింది. ఆర్డర్లు ఆగిపోయాయి. నేత ఆపి మగ్గాలు దింపమని నేతగాళ్లకు చెప్పవలసిన పరిస్థితి దాపురించింది.

వెబ్‌సైటు పాస్‌వర్డు కాంట్రాక్టరుకూ, కంప్యూటర్ ఆపరేటర్ కుమారి రూపకూ మాత్రమే తెలుసు. గోవిందప్ప గారి అనుమానం ఎదుట ఉన్న మనిషి మీదికే మళ్లింది. కార్యాలయంలో అందరూ వింటుండగానే అడిగారు.

"పాస్‌వర్డు నీ చేతిలోనే కదమ్మా ఉండాది?"

"ఉండాది సార్. కానీ నేనేమీ ముట్టలే."

"ముట్టకుండానే మాయమైపాయనా?"

ఆ పూటే ఆమెను ఉద్యోగం నుంచి తొలగించారు. శనివారం పని అప్పగించి వెళ్లమన్నారు. ఆ రోజు కూడా వారికి సందేహం తీరలేదు. ఈ అమ్మాయి పోతూ పోతూ ఇంకేం చేస్తుందోనని పక్కనే కుర్చీ వేసుకుని, వెబ్‌సైటులోని ప్రతి పేజీనీ పైనుంచి కిందిదాకా చదివించుకున్నారు.

"అయిపాయ సార్. కింద అంతా తెల్లగా ఖాళీ."

"ఖాళీకి అంత జాగా యాల?"

రూప చేయి ఆగింది. తనకూ ఆ ప్రశ్న ఇన్నాళ్లూ తట్టలేదు.

"ఆ ఖాళీని కూడా సదువు."

ఆమె మౌస్ నొక్కి పట్టుకుని ఆ తెల్లని జాగా పొడవునా లాగింది. నీలిరంగు పరుచుకుంది. దాని మీద తెల్లటి అక్షరాలు బయటపడ్డాయి. కంచి పట్టు, ధర్మవరం పట్టు, మళ్లీ కంచి పట్టు... మనం నేయని చీరల పేర్లు, వందల సార్లు! తెల్ల కాగితం మీద తెల్ల సిరాతో రాసినట్టు, మనుషుల కంటపడకుండా, యంత్రాన్ని మాత్రం నమ్మించడానికి కూర్చిన మాటలవి. ఆ మోసాన్ని కనిపెట్టిన సెర్చ్ ఇంజిన్ మనల్ని వెలివేసింది. ఫోన్ చేస్తే కాంట్రాక్టరు "అందరూ చేసేదే కదా సార్" అన్నాడు. ఆ తరువాత ఫోనే ఎత్తలేదు.

గోవిందప్ప గారు కుర్చీలోంచి లేచారు. సిబ్బందిని అందరినీ పిలిచి రూప ఎదుట నిలబడ్డారు.

"అందరి ముందర అన్నాను గదా, అందరి ముందరే సెప్తాండా. తప్పు నాదమ్మా."

"సరే సార్," అంది రూప. "ఆ మాట మా నాయనకు కూడా సెప్పండి. మూడు దినాలుగా ఆయప్ప నా మొగం సూడలే."

మరునాడు ఆదివారం. వారు బస్సెక్కి పెద్దమండ్యం వెళ్లారు. చేనిగట్టు మీద ఎదురైన ఆ తండ్రి గంగప్ప గారు, చెప్పిందంతా విని, "మీరు పెద్దోళ్లు. ఒక మాటంటే ఊరంతా నమ్ముతాది. అనేదానికి ముందరే సూసుకోవాల" అన్నారు. గోవిందప్ప గారు తలవంచి ఒప్పుకున్నారు. తిరుగు ప్రయాణంలో ఆ మాట తప్ప వారి మనసులో ఇంకేదీ లేదట. ఈ సంగతి వారే మాకు చెప్పారు.

సోమవారం నుంచి ఇద్దరూ కలిసి పనికి కూర్చున్నారు. దొంగ మాటలు తీసేశారు. ప్రతి చీరకూ ఒక పేజీ, ప్రతి పేజీకీ దాని సొంత పేరు పెట్టారు. నేసిన ఊరు, అంచు తీరు, పట్టు రకం వారు తెలుగులో చెప్పగా ఆమె ఇంగ్లీషులో రాసింది. జరిగింది దాచకుండా సెర్చ్ ఇంజిన్ వారికి విన్నపం పంపారు. దసరా గడిచిపోయింది. పదకొండు మగ్గాలు దింపక తప్పలేదు. దీపావళి ముందు వారంలో మన పేరు తిరిగి కనబడింది, మొదటి పేజీలో ఆరో వరుసలో.

గోవిందప్ప గారు నమ్మలేదు. మన కంప్యూటరు మన మెప్పు కోసం చెబుతోందేమోనని పుంగనూరు నెట్ సెంటరులో వెతికించారు, కుప్పంలో మళ్లీ వెతికించారు. రెండు చోట్లా ఆరో వరుసే. అప్పుడు గానీ నేతగాళ్లకు కబురు పంపలేదు. దింపిన మగ్గాలు సంక్రాంతి లోపలే తిరిగి ఎక్కాయి. ఆనాటి నుంచీ వారి అనుమానం సరుకును విడిచిపెట్టలేదు గానీ, ఆధారం చేతికి రాకుండా మనిషి పేరు ఎత్తలేదు.

2009 జూలై 31న వారు పదవీ విరమణ చేస్తున్నారు. వెబ్‌సైటు బాధ్యత పూర్తిగా రూప గారికి అప్పగించే కాగితాన్ని నిన్న ఆమె బల్ల మీద పెట్టింది. వారు చదవకుండానే సంతకం చేశారు. "సదవండి సార్" అంటే, "నువ్వు రాసిందే గదమ్మా" అన్నారు.

శ్రీ గోవిందప్ప గారికీ, వారి సహధర్మచారిణి శ్రీమతి రాజేశ్వరమ్మ గారికీ చెక్కుచెదరని ఆరోగ్యం, దీర్ఘాయుష్షు, దేనినీ బోర్లించి చూడనవసరం లేని నిశ్చింతమైన ఉదయాలు లభించాలని మనసారా కోరుకుంటున్నాము.