మెట్ల మీదవాళ్ళకి టోకెన్ లేదు

ఇంక ఆపండి మామయ్యా, డాక్టరుగారిని ఎందుకలా ఆడిపోసుకుంటారు? ఆయన పొద్దున్నుంచీ గుక్కెడు నీళ్ళు కూడా తాగలేదు. కొంచెం జరగండి, నేనూ కూర్చుంటాను. కాళ్ళు లాగేస్తున్నాయి.

చెయ్యి ఇలా ఇవ్వండి. అబ్బ, కాలిపోతోంది.

నేను కౌంటర్లో ఉండి కూడా మిమ్మల్ని మెట్ల మీద కూర్చోబెట్టాననేగా మీ కోపం? కోడలు పనిచేసే చోట ఈ మాత్రం దిక్కు లేదా అనుకుంటున్నారు. అనుకోండి. మీ స్థానంలో నేనున్నా అదే అనుకుందును.

లోపల గోడ మీద డాక్టరుగారు ఈమధ్యే పెట్టిన చార్టు ఉంది, చూశారా? ఎక్కడ చూస్తారు లెండి, నేను లోపలికి రానిస్తేగా. గంటకో నిలువు పట్టీ. టోకెన్ తీసుకున్నాక డాక్టరు పిలిచేదాకా జనం ఎంతసేపు కూర్చుంటే పట్టీ అంత పొడుగు. మొదటి వారం పదిగంటల పట్టీ తాడిచెట్టంత లేచింది. కౌంటర్ నాది కదా, అదంతా నా మెడకే చుట్టుకుంటుందనుకున్నాను. అసలే మీ అబ్బాయి పని పోయి ఇంట్లో కూర్చున్నారాయె. నాదీ పోతే ఏం తింటాం, చెప్పండి?

అందుకని టోకెన్లు ఆపాను. లోపల కుర్చీ ఖాళీ అయితేనే ఒకటి ఇస్తాను. మిగతావాళ్ళు మెట్ల మీదే. టోకెన్ లేనివాళ్ళు చార్టులోకి రారు కదా. పట్టీలు బుద్ధిగా కుదించుకుపోయాయి. నేనూ ఊపిరి పీల్చుకున్నాను.

నవ్వకండి, అసలు సంగతి వినండి. ఆ చార్టు నన్ను పట్టుకోడానికి కాదట. జనం ఇలా పడిగాపులు పడుతున్నారు, ఇంకో డాక్టర్ని ఇవ్వండి అని ఆసుపత్రి యజమానులకి చూపించడానికట. ఆ ముక్క ముందే నా చెవిన వేస్తే ఏం పోయింది? నిన్న డాక్టరుగారు తీసుకెళ్ళి వాళ్ళకి చూపించారు. మీ దగ్గర ఎవరూ ఆగడమే లేదు కదా, ఇంకో డాక్టరెందుకు, ఈ ఏడాదికి ఆ మాటే ఎత్తొద్దు అన్నారట.

ఇదెలా తగ్గిందమ్మా అని డాక్టరుగారు నన్నే అడిగారు. ఏమో సార్ అన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను మామయ్యా. మీకు చెప్పాను కదా, ఇప్పుడు వెళ్ళి ఆయనకీ చెప్పేస్తాను. పొమ్మంటే పోతాను.

ఇదిగో టోకెన్, పట్టుకోండి. వీళ్ళందరికీ కూడా ఇచ్చేస్తున్నాను. పట్టీ ఎంత లేస్తుందో లేవనీండి, ఇప్పుడు చూసేవాళ్ళెవరు లెండి. మీరు మాత్రం కదలకండి. లోపల కూర్చోడానికి చోటు లేదు.