సుతిలితో గడ్డి కోసిన పుష్పాబాయి

సూర్యాపేటలో ఆ ప్రసూతి దవాఖాన ఇల్లు చిన్నదే గానీ చుట్టూ దొడ్డి మాత్రం చాలా పెద్దది. ఆ ఏడు వానలు దంచికొట్టేసరికి గడ్డి నడుముదాకా లేచింది. పొద్దున గేటు దగ్గర కట్లపామును చంపారు. డాక్టరమ్మ కాపలాదారు దేవదాసును పిలిచి, "కొడవళ్ళు చాలవు, మిషన్ తెద్దాం. ఎసొంటిది కావాలో నువ్వే చూసి చెప్పు" అంది. అప్పట్నుంచీ దేవదాసు ఆ ఆలోచనతోనే వరండాలో అటూ ఇటూ తిరుగుతున్నాడు.

ఆ వరండాలోనే స్తంభానికి ఆనుకుని కోటయ్య కూర్చున్నాడు. నొప్పులు మొదలవగానే భార్య బుచ్చమ్మను తిరుమలగిరి నుంచి బస్సులో తీసుకొచ్చాడు. మొగవాళ్ళను లోపలికి రానివ్వరు. కిటికీలోంచి మూలుగు వినబడితే గుండె జారుతోంది. వినబడకపోతే ఇంకా జారుతోంది. మొదటి కాన్పు ఇంట్లోనే అయింది. బిడ్డ దక్కలేదు. మధ్యాహ్నం నుంచి బుచ్చమ్మ నోట మూలుగే తప్ప ఒక్క మాట లేదు.

ఆయా పుష్పాబాయి నీళ్ళ డేగిసా పొయ్యి మీద పెట్టి బయటికొచ్చి మెట్టు మీద కూర్చుంది. "జర టైముంది తమ్మీ, నర్సమ్మ పక్కనే ఉన్నది. గట్ల బిగుసుకపోకు" అని కోటయ్యకు చెప్పి, దేవదాసు వైపు తిరిగింది. "నీకేమైందన్నా, కాలుగాలిన పిల్లి లెక్క తిరుగుతున్నవ్?"

"గడ్డి కోసే మిషన్ తేవాల్నట. ఏది మంచిదో సమజైతలేదు."

"నన్నడగకుంట ఇంకెవల్ని అడుగుతవ్? మిర్యాలగూడల తులసీరాం సేటు మిల్లుకు మిషన్ ఏరి ఇచ్చింది ఎవలనుకున్నవ్?"

కూతురి కాన్పుకు వచ్చి ఆ మూల వక్కాకు నములుతున్న పోచమ్మ చెవి ఇటు పెట్టింది. పుష్పాబాయికి అంతకంటే ఏం కావాలి?

"సాగర్ కాలువ నీళ్ళు వచ్చిన ఏడది. నేనప్పుడు సేటు ఇంట్ల వంట చేస్తుంటి. మిల్లు ఎనక వడ్లారబోసే జాగ ఉండె. గీడ నిలవడితే గా కొస కానరాదు. కాలువ తేమకు గడ్డి ఎట్ల లేచిందంటే, లోపలికి పోయిన లారీని హారన్ ఇనుకుంట ఎతుక్కోవాలె. ఒక డ్రైవరైతే తొవ్వ దొరకక, లోపల్నే రొట్టెలు కాల్చుకొని తినుకుంట పండుగదాక ఉన్నడు. సేటు పరేషాన్! ఏజెంట్లు పట్నంకెల్లి మిషన్లు పట్టుకొచ్చిన్రు. సేటు అందరి ముందట, 'పుష్పా, నీ కన్ను మంచిది, నువ్వే ఏరు' అన్నడు."

"నిన్నే అన్నడా?" అంది పోచమ్మ.

"నన్నే. మొదటిది చేతులతోటి తోసేది. బంగ్లా ముందర మెత్తటి గడ్డికైతే సరే. మన గడ్డిల పెట్టంగనే, గడ్డే దాన్ని ఎనకకు తోసింది. ఏజెంటు మిషన్‌తోటి సహా పోయి రోడ్డు మీద పడ్డడు. రెండోది ఇంజన్‌ది. ఇనుప రెక్క. బరువు చూసిన, భుజానికి పట్టీ ఉందా చూసిన, కిరసనాయిలు ఎంత తాగుతదో అడిగిన. అన్నీ బాగనే ఉన్నయి. 'మా తాన గడ్డిల రాళ్ళుంటయి సాబ్' అన్న. 'ఏం గాదు' అనుకుంట తిప్పిండు. రాయి తగిలింది, రెక్క ఇరిగింది, ఎగిరింది, పోయి మిల్లు పొగగొట్టంల కుచ్చుకుంది. ఇప్పటికీ గాడనే ఉంది, పోయి సూసుకో."

"మరి మూడోది?" దేవదాసు తిరగడం మానేసి నిలబడ్డాడు.

"మూడోది వీపుకు తగిలించుకునే ఇంజన్. పొడుగు గొట్టం, కొసకు చక్రం. రెక్కే లేదు! ఏజెంటు దాన్ని పట్నంలనే మర్చిపోయిండట. అందరు నవ్విన్రు. నేను నవ్వలే. మిల్లుల గోనెసంచులు కుట్టే సుతిలి ఉంటది సూడు, ఆ ఉండ తెప్పిచ్చి చక్రానికి కట్టిన."

"సుతిలితోటి గడ్డి తెగుతదా?"

"జర అక్కల్ పెట్టి ఆలోచించన్నా. కత్తి రాయికి తగిలితే ఇరుగుతది. సుతిలి తగిలితే వంగుతది. కొస అరిగిందా, ఇంకింత వదులు, మల్ల కోస్తది."

దేవదాసు నోరు తెరిచాడు. కోటయ్య కూడా తెలియకుండానే స్తంభాన్ని వదిలి ముందుకు జరిగాడు. తను ఎడ్ల వెంట నడుస్తూ చెర్నకోల ఝళిపిస్తే, గట్టు మీది గడ్డి తలలు టపటపా ఎగిరిపడేవి. అందులో కత్తి ఏముంది? ఉత్త తాడే కదా! పుష్పాబాయి మనిషి మామూలుది కాదనిపించింది.

"ఇంజన్‌కు తాడు చుట్టి గుంజి చాలు చేసిన. తర్వాత ఏమైందనుకుంటున్రు? సుతిలి కండ్లకు కానరాలే, ఉత్త గాలి మోతే. వడ్ల జాగంత ఒక్క తిప్పుల సాఫ్! ఎంత సాఫంటే, నేల మీద మొఖం చూసుకొని సేటు తలదువ్వుకున్నడు. ఆపుదామంటే ఇంజన్ ఆగదు. ఉండ ఇప్పుకుంట సుతిలి పొడుగైతనే ఉన్నది. గోడ దాటింది. రోడ్డు పొంటి చింతచెట్ల తలలన్నీ ఒక్క తీరుగ కత్తిరిచ్చింది. కోదాడ బస్సు ఎదురొచ్చె. కిటికీ పక్కన కూసున్నాయనకు గడ్డం గీకింది, మీసం మాత్రం ముట్టలే. ఆయన దిగి సలాం కొట్టిండు."

"నెత్తురు రాలేదా?" అంది పోచమ్మ.

"ఒక్క గాటు పడితే నా పేరు పుష్పాబాయి కాదు! ఎగిరిన గడ్డి ఏమైందో ఎరికేనా? మబ్బు లెక్క పోయి దామరచర్ల మీద పడ్డది. గాడ ఉన్న బర్రెలు తలకాయ పైకెత్తి నోళ్ళు తెరుచుకొని మేసినయి. సుతిలి ఇంకింత పొడుగైంది, పైకి లేచింది, పోయి పోయి నల్లమబ్బు అడుగు కోసింది. కోసుడు కోసుడే వాన! గా వాన యాడ పడ్డదనుకుంటున్రు? తిరుమలగిరిల!"

కోటయ్య మోకాళ్ళ మీద లేచాడు. "అవునే ఆయమ్మా! గా ఏడు కాలం గాని కాలంల మా ఊర్ల వాన పడ్డది. కంది చేన్లు నిలవడ్డయి."

"సూసినవా? సాక్ష్యం నా ముందల్నే ఉన్నది!" పుష్పాబాయి లేచి నిలబడింది. చేతులు చాచి గిర్రున తిరిగింది. "నడిమిట్ల నేను, చుట్టూ సుతిలి. ఏడేడు ఊర్ల గడ్డి, చెట్టు, పుట్ట, ఏది అడ్డమొస్తే అది ఖతం. గాలిని కోస్తే గాలి రెండు తునకలైంది. మనిషనేటోడు దగ్గరికి రాలే. వస్తే ఉంటడా?"

పోచమ్మ వక్కాకు నమలడం మరిచిపోయింది.

అప్పుడు కిటికీలోంచి ఒక గొంతు వచ్చింది. అలసిపోయి, మధ్య మధ్య ఆగుతూ వచ్చినా, స్పష్టంగా వచ్చింది.

"ఓ ఆయమ్మా... గది గోడను వదల్లే, చెట్టును వదల్లే, మబ్బును వదల్లే... నీ వీపుకెల్లి మొదలై నీ ముందల్నే తిరిగె గదా... నీ కాళ్ళెట్ల మిగిలినయమ్మా?"

పుష్పాబాయి చాచిన చేతులు అలాగే ఉండిపోయాయి. వంగి తన పాదాలు చూసుకుంది. రెండూ ఉన్నాయి. ముందు పోచమ్మ పకపకమంది. తర్వాత దేవదాసు గోడకు ఆనుకుని నవ్వాడు. "నేను పోయి కొడవళ్ళు నూరించుకొస్త" అన్నాడు.

కోటయ్య మాత్రం నవ్వలేదు, గిరుక్కున కిటికీ వైపు తిరిగాడు. అది బుచ్చమ్మ గొంతు! ఇంట్లో తనను రోజూ ఎగతాళి చేసే గొంతు. అంత నొప్పిలోనూ కథంతా విని, తప్పు పట్టిన గొంతు.

"పుష్పాబాయీ! వేడినీళ్ళు, జల్ది!" నర్సమ్మ కేకేసింది.

పుష్పాబాయి కొంగు బిగించి ఉరికింది. కోటయ్య లేచి తలుపు దగ్గర నిలబడ్డాడు. లోపల అరుపులు, అడుగులు, గిన్నెల చప్పుడు. పొద్దు వాలి గడ్డి మీద ఎర్రటి ఎండ పడే వేళకు, సన్నగా ఒక ఏడుపు మొదలై పెద్దదైంది.

గుడ్డలో చుట్టిన బిడ్డతో పుష్పాబాయి గడప దాటి వచ్చింది. "ఆడపిల్ల తమ్మీ. మంచిగున్నది."

కోటయ్య బిడ్డను చూస్తూనే అడిగాడు. "బుచ్చమ్మ ఎట్లుంది?"

"దానికేమైతది?" అంది పుష్పాబాయి, చెమట తుడుచుకుంటూ. "కండ్లు తెరవంగనే నా కాళ్ళు సూసింది."