రంగిది కడుపు కాదు

సభకు పెద్దగ కూర్చున్న రైసుమిల్లు సీతారామయ్య గారికి, మా డాక్టరు గారికి, మిల్లు పనులు, పొలం పనులు విడిచి వచ్చిన ఊర్ల పెద్దలకు, అక్కలకు, చెల్లెండ్లకు ఈ నర్సు దుర్గమ్మ దండాలు. సూర్యాపేటల మూడేండ్లు, కోదాడల ఐదేండ్లు, ఈ మిర్యాలగూడల పద్నాలుగేండ్లు దవాఖాన కొలువు చేసి ఇయ్యాల దిగిపోతున్న. ఇంత ఎండల శాలువా కప్పిన్రు, సంతోషం. వెనకనే మా ఆయా సత్తెమ్మ విసనకర్ర పట్టుకొచ్చింది, దానికి ఇంకా సంతోషం. (నవ్వులు)

ఇంతసేపు మాట్లాడినోళ్లు నన్ను దేవత అన్నరు, అమ్మ అన్నరు. నేను చేసిన పనేందో మాత్రం ఒక్కరి నోట్లె నుంచి రాలే. కాన్పు అనడానికి గూడ సిగ్గుపడి 'ఆ సేవ, ఆ సేవ' అన్నరు. సీతారామయ్య గారూ, మీ మనుమలు ముగ్గురూ ఆ సేవతోనే పుట్టిన్రు గదా! (నవ్వులు)

అదీ పోనీ. ఆఖర్ల పక్కూరి సర్పంచ్ బ్రహ్మయ్య గారు లేచి, 'మా ఊరి పరువు బజారున పడకుంట కాపాడిన తల్లి' అన్నరు. కొందరు ముసిముసిగ నవ్విన్రు. నాకు ఒళ్లు మండింది. ఆయన అన్నది వాళ్ల ఊర్ల గొర్లు కాసే బీరన్న బిడ్డ రంగి గురించి. ఆ పిల్ల ఇయ్యాల గీడనే ఉన్నది. పేరు పెట్టే చెప్పమని తనే అన్నది.

ఏడేండ్ల కింద రంగికి పదిహేనేండ్లు. ఇంకా పెద్దమనిషి కాలే, పొట్ట మాత్రం ఎత్తుగ వచ్చింది. పెద్దమనిషి అయ్యి దాచిపెట్టిందని, కడుపు తెచ్చుకుందని ఊరు ఊరంత తేల్చేసింది. ఎవడో చెప్పమని తండ్రి కొట్టిండు, పెద్దలు పంచాయితి పెట్టి కొట్టించిన్రు. సంగతి తెలిసి నేను పోయేసరికి ఆ పిల్ల గొర్లదొడ్లె మోకాళ్లు దగ్గరికి తీసుకొని పడున్నది. 'నొప్పి ఎప్పుడెప్పుడు వస్తది బిడ్డా?' అన్న. 'నెలకోపారి వస్తది నర్సమ్మా, నాలుగు దినాలుంటది, పోతది' అన్నది. ఈ ఒక్క మాట మీల ఎవరన్న అడిగిన్రా?

వెనకాల లేస్తున్న అయ్యలు జర కూసోండి. తీర్పు చెప్పినోళ్లకు ఇది తెల్వాలె. ఆడదాని గర్భసంచి పిడికిలంత ఉంటది. దానికి ఇరుపక్కల రెండు గొట్టాలు, వాటి కొసకు బాదంకాయంత అండాశయాలు. నెలకొక్క గుడ్డు విడుదలైతది. బిడ్డ నిలుస్తదేమోనని సంచి లోపల మెత్తటి పొర తయారైతది. నిలవకుంటే ఆ పొర నెత్తురుతోని దిగుతది. అది మైల గాదు, పాపం గాదు. దిగే తోవ కొసకు సన్నటి తెర, దానికి రంధ్రం ఉంటది. వెయ్యిమందిల ఒకరికో ఏమో పుట్టుకతోనే ఆ రంధ్రం ఉండదు. రంగికి లేదు. ప్రతి నెల నెత్తురు లోపల్నే ఆగి ఆగి పొట్ట ఉబ్బింది. అంతే!

పట్నం దవాఖానకు నేనే తోలుకపోయిన. ఆడ లేడీ డాక్టరు చిన్న కోత పెడితే ఆగిన నెత్తురంత పోయింది. వారం తిరక్కముందే పిల్ల కోలుకొని ఇంటికొచ్చింది. మీరేమన్నరు? నర్సమ్మ కడుపు తీయించిందన్నరు. అసలు సంగతి చెప్దామని ఇంటింటికి తిరిగితే 'ఆడోళ్ల ముచ్చట మాకెందుకు' అని తలుపులు దగ్గరేసిన్రు. కొట్టేటప్పుడు లేని సిగ్గు వినేటప్పుడు ఎక్కడికెళ్లి వచ్చింది? ఆ మాట మీదనే రంగికి కుదిరిన సంబంధాలు రెండు తప్పిపోయినయ్.



బ్రహ్మయ్య గారూ, నేను మీ ఊరి పరువు కాపాడలే. ఓ పసిపిల్ల పరువు మీరు తీస్తుంటే, కొలువు పోతదన్న భయానికి పదిమందిల గొంతెత్తి చెప్పక ఊకున్న. ఆ తప్పు నాది. ఇయ్యాలటితోని కొలువూ ఖతం, భయమూ ఖతం.

పట్నం నుంచి వచ్చేటప్పుడు బస్సుల రంగి నన్ను ఒక్కటే అడిగింది: 'నర్సమ్మా, నన్ను కొట్టినోళ్లకు ఎవరు చెప్తరు?' నేను చెప్త బిడ్డా అన్న.

రంగీ, చెప్పిన బిడ్డా.

లేచిపోకుంట విన్నోళ్లకు నా కృతజ్ఞతలు. సెలవు.